పేరు ముందు రాసే మాట

1999. బ్రిస్బేన్ దక్షిణాన ఒక యూనివర్సిటీలో నేను ఫంక్షన్స్ ఆఫీసర్‌ని. ఊరంతా వై-టూ-కే జ్వరం పట్టుకున్న రోజులవి. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయనీ, రెండువేలు రాగానే అన్నీ పిచ్చెక్కిపోతాయనీ భయం. మా ఆయన శ్రీధర్ ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు తిరగరాస్తూ ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. తెలుగువాళ్ళు గుంపులుగా దిగడం మొదలైందీ అప్పుడే. సన్నీబ్యాంక్ అనే పేటలో కొట్లకి వెళ్తే చాలు, ఏదో ఒక మూల నుంచి తెలుగు వినపడేది.

ఫంక్షన్స్ ఆఫీసర్ అంటే పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు లాంటిదని తెనాలిలో మా అమ్మ అందరికీ చెప్పుకునేది. అంత తప్పేం కాదు. యూనివర్సిటీలో ఏ విందు జరిగినా, ఏ సభ జరిగినా హాలు బుక్ చెయ్యడం నుంచి చివరి కుర్చీ మడత పెట్టించేదాకా నా పనే. ఎవరు ఎప్పుడు లేవాలి, ఎవరు ఎంతసేపు మాట్లాడాలి అన్నీ రాసి ఉండే కాగితాన్ని రన్ షీట్ అంటాం. బల్ల మీద ప్రతి కుర్చీ ముందూ నిలబెట్టే చిన్న అట్టముక్క ప్లేస్ కార్డ్. దాని మీద అతిథి పేరు, పేరు ముందు హోదా ఉంటాయి. చూడ్డానికి ఇంతే గానీ, నా ఉద్యోగంలో సగం తగువులు ఆ అట్టముక్క దగ్గరే మొదలయ్యేవి. ప్రొఫెసర్‌ని డాక్టర్ అని రాస్తే ఆయన అలుగుతాడు. రిటైరైన ప్రొఫెసర్ పేరు పక్కన ఎమెరిటస్ పడకపోతే ఆయన భార్య అలుగుతుంది. హోదాలు రాయడంలో నాకు మంచి పేరుండేది. వసుంధర అన్న నా పేరును మాత్రం వాళ్ళందరూ కలిసి 'వాజ్' చేసేశారు. ఆ సంగతి అలా ఉంచండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. సన్నీబ్యాంక్ కొట్లో నా ఈడు మీసాల మనిషి ఒకడు, నెత్తిన జుట్టు పల్చబడుతున్నవాడు, నన్ను పట్టుకుని "ఆంటీ, కరివేపాకు ఏ ర్యాక్‌లో ఉందో చూశారా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అక్కా అనొచ్చు, వదినా అనొచ్చు, మేడమ్ అన్నా సరే. మన ఆడవాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు, ముక్కూ మొహం తెలియనివాడు ఆంటీ అన్నాడంటే నీ వయసు అయిపోయిందమ్మా, పక్కకి జరుగు అన్నట్టే. పదహారేళ్ళ పిల్ల అంటే సర్దుకుంటాం, మీసాలవాడంటే సర్దుకోం.

ఆ ఏడాది చలికాలం చివర్లో డెల్లా మా ఆఫీసుకి వచ్చింది. అబోరిజినల్, అంటే ఈ దేశపు ఆదివాసీ విద్యార్థుల సెంటర్ నడిపేది ఆమే. నాకన్నా చిన్నది, గట్టి గొంతు. క్యాంపస్‌లో బ్లాక్ హిస్టరీ వీక్ జరపాలని ఏళ్ళ తరబడి వెంటపడి, చివరికి గ్రేట్ హాల్ సంపాదించింది. గ్రేట్ హాల్ అంటే మా దగ్గర మహా గొప్ప. రంగు అద్దాల కిటికీలు, గోడల నిండా పాత పెద్దమనుషుల బొమ్మలు. మొదటి రోజు సాయంత్రం విందు, వైస్ ఛాన్సలర్ రాక, వారమంతా ఫొటోల ప్రదర్శన, నాట్యాలు, ఆఫ్రికన్ విద్యార్థుల డప్పులు. ఇక్కడ బ్లాక్ అంటే అబోరిజినల్ వాళ్ళే కాదు. చెరుకు తోటల్లో పని చేయించడానికి వెనకటి రోజుల్లో పసిఫిక్ దీవుల నుంచి ఓడల్లో, చాలామందిని మోసం చేసి, పట్టి తెచ్చినవాళ్ళ సంతానం కూడా.

నాకు ఈర్ష్య పుట్టింది. నీళ్ళు కలపకుండా చెబుతున్నాను. అంతకు రెండేళ్ళ ముందు ఉగాది చేసుకుంటాం, గ్రేట్ హాల్ ఇవ్వండి అని నేను అడిగితే, స్టూడెంట్ క్లబ్ గది చాలదా అన్నారు. ఆ గదిలో ప్రింటర్ పక్కన ఉగాది పచ్చడి పంచాం. మన వాళ్ళనీ ఓడల్లో ఫిజీ చెరుకు తోటలకి తోలుకుపోయారు, వాళ్ళకి ఎవరు హాలు తెరిచారు? డెల్లాకి కుర్చీల లెక్క రాసిస్తూ నవ్వుతున్నానే గానీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాను.

డెల్లా ఒక సంగతి గట్టిగా చెప్పింది. మొట్టమొదట మాట్లాడాల్సింది ఆంటీ కోరల్. ఇక్కడి ఆచారం అది, ఈ నేల ఎవరిదో వాళ్ళు లేచి 'రండి' అని స్వాగతం పలకాలి, అప్పటిదాకా వైస్ ఛాన్సలరైనా నోరు విప్పకూడదు. కోరల్ వాళ్ళ అమ్మమ్మ ఈ ఊరి నది ఒడ్డు మనిషి, తాత దీవుల నుంచి ఓడలో తెచ్చిన కూలీ. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ గ్రేట్ హాల్ యూనివర్సిటీ చేతికి రాకముందు ఒక హాస్టల్ భోజనశాల. పద్నాలుగేళ్ళప్పుడు, అబోరిజినల్ పిల్లల్ని ఉంచే చర్చి మిషన్ వాళ్ళు కోరల్‌ని అక్కడ అంట్లు తోమడానికి పంపారు. వెనక సందులోంచి రావడం, వెనక సందులోంచి పోవడం. ముందు గుమ్మం ఆవిడ ఎప్పుడూ దాటలేదు. ఈ విందుకి రమ్మంటే ముందు రానంది, బతిమాలితే ఒప్పుకుంది. "ఆమె ఆ గుమ్మంలోంచి నడిచి వచ్చి మాట్లాడాలి. నాకు ఈ వారమంతా అందుకే" అంది డెల్లా.

ఆ తర్వాత పదిహేను రోజులు కోరల్ తరచూ వచ్చేది. ప్రదర్శనకి బుట్టలు అల్లించడానికి డెల్లా గదిలో కూర్చునేది. డెబ్బైకి దగ్గర మనిషి, లావుపాటి చేతులు, నిదానమైన మాట. ఆవిడ వరండాలో నడుస్తుంటే విద్యార్థులు లేచి నిలబడేవాళ్ళు. డీన్ కూడా "ఆంటీ కోరల్" అని తల వంచి పలకరించేవాడు. నన్ను వాజ్ అనే నోరే అది.

అంతటితో పోయినా బాగుండేది. బడి సెలవులు వచ్చి మా హారికని రోజూ ఆఫీసుకి తెచ్చుకోవలసి వచ్చింది. పదేళ్ళ పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నేను మా అమ్మమ్మ కబుర్లు ఎత్తితే "అమ్మా, నాట్ నౌ" అనేది. అలాంటిది కోరల్ దగ్గర చేరింది. మధ్యాహ్నం మొదలు సాయంత్రందాకా ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చుని గడ్డిపోచలు పురి పెడుతూ, మీ తాత పేరేంటి, ఓడలో ఏం తిన్నాడు, మీ అమ్మమ్మ నదిని ఏమనేది అని అడుగుతూనే ఉండేది. కోరల్ విసుక్కోకుండా చెప్పేది. తన అమ్మ, ఆమె అమ్మ, ఆ అమ్మకి అమ్మ, ఒక్కొక్కరి పేరూ చెప్పేది. మా పిల్ల వాటిని వేళ్ళ మీద అప్పజెప్పేది. కార్లో ఇంటికి వెళ్తూ ఆంటీ కోరల్ ఇలా చెప్పింది, ఆంటీ కోరల్ అలా చెప్పింది అని ఒకటే పాట. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, సొంత కూతురు పొరుగింట్లో కూర్చుని లొట్టలేస్తుంటే కడుపు ఎంత మండుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

విందు ముందు రోజు ప్లేస్ కార్డులు తీశాను. వై-టూ-కే పుణ్యమా అని మా బుకింగ్ సిస్టమ్ కొత్తగా మార్చారు. అందులో హోదా అనే గడిలో మనం రాయక్కర్లేదు, జాబితా తెరుచుకుంటుంది, ఒకటి ఎంచుకోవాలి. ప్రొఫెసర్, డాక్టర్, మిస్టర్, మిసెస్, మిస్, రెవరెండ్, అన్నీ ఉన్నాయి. ఆంటీ లేదు. కావాలంటే అది మూసి చేత్తో టైపు చెయ్యొచ్చు, ఎలాగో నాకు తెలుసు. కానీ నాకు ఆ మాట కార్డు మీద రాయాలనిపించలేదు. వైస్ ఛాన్సలర్ పక్క కుర్చీలో కూర్చునే పెద్దావిడ. మాటల్లో ఎవరేమన్నా అననీ, అచ్చులో ఆంటీ అని వేస్తే ఏం మర్యాద? మన ఆడవాళ్ళకి ఎవరైనా పెళ్ళి కార్డు మీద అలా వేసి పంపితే ముఖాన కొడతారు. ఆవిడకి భర్త ఉండేవాడనీ, పోయాడనీ డెల్లా చెప్పగా విన్నాను. జాబితాలోంచి మిసెస్ ఎంచుకున్నాను. మిసెస్ కోరల్ బాటన్. ముత్యాల్లాంటి అక్షరాలు పడ్డాయి. ఈవిడంటే నాకెంత కుళ్ళున్నా పనిలో చూపించలేదు సుమా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు ఎండ దిగుతుండగా జనం రావడం మొదలైంది. ముందు గుమ్మం దగ్గర చిన్న పొయ్యిలో నీలగిరి ఆకులు వేసి పొగ పెట్టారు, వచ్చినవాళ్ళని శుద్ధి చేసే ఆచారం అది. కోరల్ డెల్లా చెయ్యి పట్టుకుని ఆ పొగలోంచి నడిచి గుమ్మం దాటింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ ఊరికే దారి ఇచ్చారు. నేను గోడ పక్కన రన్ షీట్ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తి కప్పు వైపు చూసింది, గోడ మీది బొమ్మలు చూసింది. నెమ్మదిగా పెద్ద బల్ల దగ్గరికి వచ్చి తన కుర్చీ ముందు ఆగింది.

కార్డు చేతిలోకి తీసుకుంది. కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. మళ్ళీ ఉన్నచోటే పెట్టి, బల్ల చుట్టూ తిరిగి హాలు వెనకవైపు నడిచి, వంటగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డెల్లా వెంటనే వెళ్ళింది. కాసేపటికి ఒక్కతే బయటికి వచ్చి, ఆ కార్డు తీసుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. గొంతు పెంచలేదు. "ఈ మిసెస్ ఎవరు రాశారు?" అంది. నేనే అన్నాను. తప్పేముందో నాకింకా తెలియదు, భర్త ఇంటిపేరు తప్పుపడిందేమో అనుకున్నాను. డెల్లా చెప్పింది, ఆ కాలంలో ఇళ్ళల్లో, హాస్టళ్ళలో పనికి పెట్టిన నల్ల పిల్లలు యజమానురాలిని పిలవాల్సిన పిలుపు 'మిసెస్'. కోరల్ ఈ హాల్లో తోమిన ప్రతి పళ్ళెం మిసెస్‌కి చూపించి ఒప్పించుకోవాలి. తనని మాత్రం అందరూ 'గర్ల్' అనేవాళ్ళు, పేరు పెట్టి కూడా కాదు. "ఆవిడ నోట ఆ మాట నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. ఈ రోజు ఇక్కడే విన్నాను. మిసెస్ కుర్చీలో నేను కూర్చోను అంటోంది. ఇంటికి తీసుకుపొమ్మంటోంది."

హాలు నిండుతోంది. రన్ షీట్‌లో మొదటి వరుస ఆవిడది, ఆ వరుస దాటకుండా రెండోది లేదు. కార్యక్రమం పోతే పోయె, ఆ మనిషి ముందు గుమ్మంలోంచి వచ్చి మళ్ళీ వెనక సందులోంచి వెళ్ళిపోతుంది, నా అట్టముక్క వల్ల. నేను మాట్లాడతాను అన్నాను. డెల్లా నన్ను ఎగాదిగా చూసి పక్కకి జరిగింది.

వంటవాళ్ళు బెదిరిపోయి ఒక మూలకి చేరారు. కోరల్ అంట్ల తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. క్షమించమని అడిగాను. ఎందుకు రాశావు అంది. కొత్త సిస్టమ్ జాబితాలో లేదని చెబితే సరిపోయేది, కానీ అది నిజం కాదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా వాళ్ళలో ఆంటీ అంటే వయసైపోయిందని వెక్కిరించడం, కరివేపాకు ఎక్కడుందో అడగడానికి వాడే మాట, మిమ్మల్ని అందరి ముందూ అలా పిలవడం నాకు తప్పనిపించింది, అన్నాను.

ఆవిడ ముఖంలో కోపం కాస్త తేలికైంది. అయోమయం చోటు చేసుకుంది. "నిన్ను ఆంటీ అంటే నీకు అవమానమా?"

"అవునండీ."

"మరి మీ భాషలో మాటలు లేవా?"

లేకేం అన్నాను. అమ్మ అక్క అయితే పెద్దమ్మ, చెల్లెలయితే పిన్ని, నాన్న తోబుట్టువు అత్త, పక్కింటావిడ వరసకి వదినో అక్కో. అన్నీ ఉన్నాయి. ఇక్కడికి వచ్చాక వాటన్నిటినీ మూటకట్టి అటక మీద పడేసి ఒక్క ఆంటీ తెచ్చుకున్నాం. అది కూడా చులకనైపోయింది.

కోరల్ తల ఊపింది. చిన్నవాళ్ళందర్నీ ఆవిడ ముద్దుగా బబ్ అనేది. "మాకూ మా మాటలుండేవి బబ్. మిషన్‌లో అవి పలికితే కొట్టేవాళ్ళు. వాళ్ళు మాకు వదిలిన ఇంగ్లీషులోంచే ఒక మాట ఏరుకుని దాన్ని మా పెద్దవాళ్ళకి కట్టబెట్టాం. అది అడిగితే ఎవరూ ఇవ్వరు. నా చెల్లెలి పిల్లలు పిలిచారు, తర్వాత ఊళ్ళో పిల్లలు పిలిచారు. ఒకరోజు చూసుకుంటే నేను ఆంటీ కోరల్‌ని." ఆ వెంటనే అడిగింది, "నీ కూతురు కూడా అంటుంది. నువ్వు నేర్పావా?"

లేదన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడానికి ఎంత కష్టమైందో ఆవిడకి తెలుసునని ఇప్పటికీ నా నమ్మకం. తెలిసే అడిగింది. "నీకు నా మీద కోపంగా ఉంది కదూ, ఈ పదిహేను రోజులూ" అంది.

"కోపం కాదు. ఈర్ష్య," అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట ఎవరితోనూ అంత పచ్చిగా ఎప్పుడూ అనలేదు.

ఆవిడ నవ్వింది, పెద్దగా, వంటవాళ్ళు తిరిగి చూసేటట్టు. "మంచిదే. మా దగ్గర ఈర్ష్య పడేంత సొత్తు ఉందని ఈ ఇంట్లో ఎవరైనా అనడం ఇదే మొదలు. కార్డు రాయి. మెషీన్‌తో కాదు, చేత్తో."

వంటగదిలో మెనూ రాసే లావు కలంతోనే రాశాను. ఆంటీ కోరల్ బాటన్. అక్షరాలు వంకర పోయాయి. ఆవిడ చదివి నా చేతికే ఇచ్చి, "నువ్వు తీసుకెళ్ళి పెట్టు" అంది. వంటగది వెనక తలుపు బయటి సందులోకే తెరుచుకుంటుంది. ఆ వైపు చూడకుండా లేచి, తలుపు తోసుకుని హాల్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళి కార్డు నిలబెట్టాను.

ఆవిడ మైకు పెట్టిన ప్రసంగపు బల్ల దగ్గరికి వెళ్ళలేదు, కుర్చీ పక్కనే నిలబడి మాట్లాడింది. ముందు తమ భాషలో, మిగిలిన ఆ నాలుగు మాటలూ. తర్వాత తన అమ్మల పేర్లు, ఒకరి తర్వాత ఒకరు, నది దాకా. ఆ పైన, ఈ హాల్లో తను అంట్లు తోమాననీ, అందరూ అన్నం తినండి, ఈ నేల మిమ్మల్ని రమ్మంటోంది అనీ చెప్పింది. డెల్లా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ముందు కుర్చీల్లో మా హారిక పెదవులు కదుపుతూ ఆ పేర్లన్నీ ఆవిడతో పాటు అంటోంది. నేను రన్ షీట్‌లో మొదటి వరుస కొట్టేసి, గోడకి ఆనుకుని, సంతోషమూ ఈర్ష్యా ఒకేసారి పడ్డాను. రెండూ ఒకేసారి ఉండవనేవాళ్ళ మాట నమ్మకండి.

నా వృత్తికి ఆ రోజు నేర్పిన పాఠం చిన్నదే. ఎవరిని ఏమని పిలవాలో వాళ్ళనే అడగాలి, మనకి మర్యాద అనిపించింది వాళ్ళ నెత్తిన రుద్దకూడదు. ఆ మరుసటి నెలలో సిస్టమ్ జాబితాలో ఆంటీ, అంకుల్ చేర్పించాను. కంప్యూటర్ వాళ్ళు అవి హోదాలు కావన్నారు. మీకు కావేమో అన్నాను. ఆ తర్వాత వేల కార్డులు రాశాను, ఒక్కటీ వెనక్కి రాలేదు.

నా సొంతానికి నేర్పినది వేరు. కార్యక్రమం అయిన తర్వాతి ఆదివారం తెనాలికి ఫోన్ చేసి, అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరేమిటని అడిగాను. మా ఇళ్ళల్లో తర్పణాలప్పుడు మగవాళ్ళు తండ్రి వైపు మూడు తరాల పేర్లు చెబుతారు, అందులో ఆవిడ రాదు. "ఏమోనే. మేం జేజమ్మ అనేవాళ్ళం. కోడళ్ళు అత్తయ్యగారు అనేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు పెద్దమ్మగారు అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచేంత ధైర్యం ఎవరికుండేది?" అంది అమ్మ. మా పెద్దమామయ్యకి తెలుసేమో అన్నాను. ఆయనకీ తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మనం వరసని గౌరవం అనుకుని పేరుని మింగేశాం. వాళ్ళు వరస పక్కన పేరు నిలబెట్టుకున్నారు. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర అది మిగిలింది. నా అసలు ఈర్ష్య అక్కడ మొదలైంది, ఇంకా తగ్గలేదు. నాలుగు దేశాల ప్రధానమంత్రులకి కార్డులు రాయగలను. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మకి మాత్రం ఒక్క కార్డు రాయలేను.